టెన్నిస్ బాల్‌తో దడపుట్టించే పదహారేళ్ల కుర్రాడు రేపు ఫాస్ట్ బౌలర్‌గా నిలబడతాడా?

మీ ప్రశ్న కొంచెం పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. సింగరాయకొండ దగ్గర పల్లెలో ఉండే మీ మేనల్లుడికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. సంక్రాంతి టోర్నమెంట్లలో టెన్నిస్ బాల్‌తో అందరినీ హడలగొడుతున్నాడు. ఫోన్‌లో ఏదో యాప్ 145 కిలోమీటర్ల వేగం చూపించింది. ఊళ్లోవాళ్లు ఇంకో సిరాజ్ అంటున్నారు. బయటి ఊరి అకాడమీ ఒకటి, రెండు లక్షలు కడితే హాస్టల్లో ఉంచుకుని ఐపీఎల్ ట్రయల్స్‌కి పంపుతామంది. రొయ్యల చెరువు మీద పనిచేసే వాళ్ల నాన్న అప్పు చెయ్యడానికి తయారయ్యాడు. అబ్బాయిలో నిజంగా సరుకుందో లేదో ముందే తెలుసుకునే దారి ఉందా అని మీరు అడిగారు.

సూటిగా చెబుతాను. అప్పు చెయ్యనివ్వకండి, కాలేజీ మాన్పించకండి. ముందు ఒక ఆరు నెలలు ఒంగోలులో గానీ నెల్లూరులో గానీ లెదర్ బాల్ నెట్స్‌కి పంపండి. మీరు పెట్టిన వీడియోలో వాడి చెయ్యి వేగంగానే తిరుగుతోంది, కాదనను. కానీ టెన్నిస్ బాల్ వీడియో చూసి భవిష్యత్తు చెప్పడమంటే జాతకం చెప్పినట్టే. ఆరు నెలలు గడిచాక, లెదర్ బాల్‌తో పదో ఓవర్ కూడా మొదటి ఓవరంత జోరుగా, నడుము పట్టుకోకుండా వేస్తుంటే అప్పుడు డబ్బు సంగతి మాట్లాడుకోవచ్చు.

నేను ఒకప్పుడు జిల్లా స్థాయిలో మీడియం పేస్ వేసినవాణ్ణి. తర్వాత నెల్లూరులో చాలా ఏళ్లుగా పిల్లలకి బౌలింగ్ నేర్పుతున్నాను, సెలక్షన్లప్పుడు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఇక్కడ చెప్పేదంతా ఆ కుర్చీలోంచి చూసినదే.

ముందు వేగం సంగతి. లైన్, లెంగ్త్, స్వింగ్, స్లో బాల్, ఇవన్నీ నేర్పగలం. వేగం మాత్రం చాలావరకు పుట్టుకతో రావాలి. ఉన్నదానికి కొంత కలపగలం, లేనిది తేలేం. అందుకే వేగం ఉన్న పిల్లాణ్ణి ఎవరూ తేలిగ్గా వదలరు. అయితే టెన్నిస్ బాల్ బరువు 60 గ్రాములు కూడా ఉండదు. లెదర్ బాల్ 156 నుంచి 163 గ్రాములు, అంటే దాదాపు మూడింతలు. తేలిక బంతిని మోచేతి విసురుతోనే బుల్లెట్‌లా పంపొచ్చు. బరువైన బంతి దగ్గరికొచ్చేసరికి కాళ్లు, నడుము, భుజం అన్నీ కలిసి పనిచెయ్యాలి. టెన్నిస్ బాల్‌తో ఊరికి మొనగాడైనవాడు లెదర్ బాల్ చేతికివ్వగానే మామూలు మీడియం పేసర్ అయిపోవడం మేం తరచూ చూసేదే. సిరాజ్, నటరాజన్ ఇద్దరూ టెన్నిస్ బాల్ నుంచే వచ్చారు, నిజమే. కానీ 2017 వేలంలో వాళ్లకి కోట్లు పలికే నాటికి ఇద్దరూ రాష్ట్ర జట్లకి రంజీలు ఆడి ఉన్నారు. నేరుగా ఊరి టోర్నమెంటు నుంచి ఎగిరిపోలేదు.

ఆ 145ని నమ్మకండి. దాన్ని మీరే కొలుచుకోవచ్చు, యాప్ అక్కర్లేదు. పిచ్ 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. బౌలర్ బంతి వదిలే చోటు నుంచి అవతలి స్టంప్స్ దాకా సుమారు పద్దెనిమిదిన్నర మీటర్లు ఉంటుంది. ఫోన్‌లో స్లో మోషన్‌ని సెకనుకి 240 ఫ్రేములకి పెట్టి, బౌలరూ అవతలి స్టంప్సూ రెండూ కనబడేలా పక్క నుంచి తీయండి. యార్కర్ లాంటి, అంటే బ్యాటర్ కాళ్ల దగ్గర పడే బంతిని ఎంచుకుని, చెయ్యి వదిలిన ఫ్రేము నుంచి స్టంప్స్‌ని చేరిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 120 ఫ్రేములొస్తే అర సెకను, అంటే గంటకి 133 కిలోమీటర్లు. 144 వస్తే 111. ఇది దారి పొడుగునా సగటు. టీవీలో చూపించేది చెయ్యి వదిలిన క్షణంలో ఉన్న వేగం కాబట్టి అది దీనికంటే ఎక్కువే ఉంటుంది. మామూలు వీడియోలో సెకనుకి 30 ఫ్రేములే ఉంటాయి. అక్కడ లెక్కలో ఒక్క ఫ్రేము తప్పినా ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు అటూ ఇటూ అయిపోతుంది. పదహారేళ్లవాడు లెదర్ బాల్‌తో, ఈ లెక్కలో, 115 దాటించి నిలకడగా వేస్తుంటే నేను కుర్చీలో ముందుకి జరిగి చూస్తాను.

కొలిచే వీలు లేనిచోట నేను బౌలర్ని వదిలేసి కీపర్ కాళ్లు చూస్తాను. తెలియని కుర్రాడు బంతి అందుకోగానే కీపర్ మామూలు చోటే నిలబడతాడు. రెండో బంతికి ఒకడుగు, ఓవర్ అయ్యేసరికి ఇంకో రెండడుగులు తనకి తెలియకుండానే వెనక్కి పోతుంటే బంతిలో పస ఉన్నట్టే. వీఆర్సీ గ్రౌండ్‌లో ఒకసారి ఒక బక్కపలచని అబ్బాయి వేస్తుంటే, కీపర్ తన బూటుతో గీసుకున్న గీత వదిలేసి వెనక ఇంకోటి గీసుకున్నాడు. నేను స్కోరు పుస్తకం పక్కన పెట్టి వాడి పేరడిగాను. బ్యాటర్ వైపు చూసినా తెలుస్తుంది. కవర్స్‌కి కొట్టబోయిన బంతులన్నీ పాయింట్ వెనక్కి పోతుంటే అతను ఆలస్యమవుతున్నాడన్నమాట. వికెట్లు నేను ఆఖరున చూస్తాను. ఊరి మ్యాచుల్లో సగం వికెట్లు గాలిలోకి లేపి అవుటైనవే.

మ్యాటింగ్ సంగతి కూడా గుర్తుంచుకోండి. మన జిల్లాల్లో చాలాచోట్ల ఇంకా మ్యాట్ పరిచే ఆడతారు. గట్టి నేల మీద మ్యాట్ వేస్తే మోకాలి ఎత్తున రావాల్సిన బంతి ఛాతీకి లేస్తుంది, బౌలర్ భీకరంగా కనబడతాడు. అదే కుర్రాడు టర్ఫ్ వికెట్ (మట్టి, గడ్డితో చేసిన పిచ్) మీద అదే లెంగ్త్ వేస్తే బ్యాటర్ హాయిగా ముందుకొచ్చి ఆడేస్తాడు. కాబట్టి ఎలాగైనా ఒక్కసారి టర్ఫ్ మీద చూడాలి. ఇంకోటి, మీవాడు వీడియోలో కాన్వాస్ షూ వేసుకున్నాడు. స్పైక్స్ లేకుండా ముందు కాలు గట్టిగా వేస్తే జారుతుందని ఒంటికే తెలుసు, అది జాగ్రత్తపడుతుంది. రెండు లక్షల కంటే ముందు ఒక జత బౌలింగ్ స్పైక్స్ కొనండి. సైజు బొటనవేలికి కాస్త వదులుగా ఉండాలి. లేకపోతే ముందు కాలి గోరు నల్లబడి ఊడిపోతుంది.

ఇక యాక్షన్. మీరు ఎక్కువగా భయపడుతున్నది దీని గురించే అనిపించింది. "వాడి యాక్షన్ చూడ్డానికి బాగాలేదు సార్, ఒక పక్కకి ఒరిగిపోతాడు" అని రాశారు. అందంగా ఉండాలని రూలేమీ లేదు. బుమ్రా యాక్షన్ ఏ పుస్తకంలోనూ ఉండదు. అప్పట్లో ముంబై ఇండియన్స్ కోచ్‌గా ఉన్న జాన్ రైట్ అతన్ని చూసి తీసుకోబట్టి 2013లో ఐపీఎల్ ఆడాడు. మలింగ సంగతి చెప్పనే అక్కర్లేదు. నేను చూసేవి మూడే. ఒకటి, మోచెయ్యి. బంతి వదిలేటప్పుడు అది 15 డిగ్రీలకి మించి నిటారుగా సాగితే నిబంధనల ప్రకారం తప్పు. టెన్నిస్ బాల్ పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువ. కంటికి స్పష్టంగా విసిరినట్టు కనబడిందంటే ఇప్పుడే దిద్దాలి, ఇరవై ఏళ్లొచ్చాక దిద్దడం చాలా కష్టం. మీ వాడిది యార్కర్ వేసినప్పుడు నాకు కొంచెం అనుమానంగా ఉంది. ముందు నుంచి తీసిన వీడియో చూస్తే గానీ చెప్పలేను.

రెండోది ముందు కాలు. పరుగెత్తుకొచ్చి ముందు కాలు నేల మీద వేసినప్పుడు శరీర బరువుకి ఐదారు రెట్ల ఒత్తిడి ఆ కాలి మీద పడుతుంది. వేగం ఉన్నవాళ్లలో ఆ మోకాలు కర్రలా నిలబడుతుంది, దాని మీదుగా ఒళ్లు ముందుకి విసురుగా వస్తుంది. మోకాలు కుంగిపోతే పరుగులో వచ్చిన జోరంతా నేలపాలు. కుంగుతోందని కంగారుపడకండి, పదహారేళ్లకి తొడల్లో బలం చాలక కూడా కుంగుతుంది. పైగా ఇది మంచి సూచన కూడా కావచ్చు. కాలు కుంగుతూ కూడా జోరుగా వేస్తున్నాడంటే, కాలు నిలబడిన రోజున ఇంకెంత వేస్తాడో!

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, నడుము. వెనక కాలు పడేటప్పుడు తుంటి ఒకవైపు, భుజాలు ఇంకోవైపు తిరిగి ఉండి, తర్వాత భుజాలు మెలిపడుతూ వస్తే ఆ మెలికంతా నడుము కింది ఎముకల మీద పడుతుంది. అక్కడ సన్నని పగుళ్లొస్తాయి. కుడిచేతి బౌలర్‌కి సాధారణంగా ఎడమ పక్కన, నడుము కింద, వెనక్కి వంగినప్పుడు ఎక్కువయ్యే నొప్పి దాని గుర్తు. మనవాళ్లు వెంటనే నూనె రాసి నలుగు పెట్టిస్తారు, పిల్లాడు వారం ఆగి మళ్లీ వేస్తాడు. అలా చెయ్యొద్దు. ఆర్థో డాక్టర్‌కి చూపించి, బౌలింగ్ చేస్తాడని చెప్పి ఎంఆర్ఐ అవసరమేమో అడగండి. మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు ఇది కనబడదు. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ పాట్ కమిన్స్ 2011లో పద్దెనిమిదేళ్లకే మొదటి టెస్టు ఆడి మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ కొట్టాడు. నడుము, ఇతర గాయాల వల్ల రెండో టెస్టు 2017 మార్చిలో, మన రాంచీలో ఆడాడు. అతని వెనక ఆస్ట్రేలియా బోర్డు డాక్టర్లున్నారు. మీ మేనల్లుడి వెనక మీరొక్కరే ఉన్నారు.

అందుకే ఎన్ని ఓవర్లు వేస్తున్నాడో పుస్తకంలో రాయండి. ఇంగ్లండ్ బోర్డు సూచనల్లో 14, 15 ఏళ్ల ఫాస్ట్ బౌలర్‌కి ఒక స్పెల్‌లో (ఒక దఫా వరసగా) 6 ఓవర్లు, రోజుకి 12 మించకూడదని ఉండేది. మనవాడు పండగ మూడు రోజులూ పొద్దున రెండు మ్యాచులు, సాయంత్రం రెండు ఆడతాడు. మధ్యలో ఎవరో పందెం కాస్తే ఇంకో ఓవర్. టెన్నిస్ బాలే కదా అనుకోకండి, కాలు పడేటప్పుడు నడుముకి బంతి బరువు తెలియదు. లెదర్ బాల్ మొదలుపెట్టిన సంవత్సరం టోర్నమెంట్లు తగ్గించాలి. మొదటి బహుమతి ఫ్రిజ్ అయినా సరే.

మీరు పదహారని రాశారు గానీ అది ఏ లెక్కో రాయలేదు, నేనే అడుగుతున్నాను. వాడికి పదహారన్నది బడి లెక్కా, ఇంటి లెక్కా? మా తరంలో సగం మంది జూన్ నెలలోనే పుట్టారు, హెడ్ మాస్టర్ల పుణ్యమా అని. ఇప్పుడు అది కుదరదు. అండర్-16 స్థాయిలో ఎడమ మణికట్టుకి ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు. దొంగ సర్టిఫికెట్ దొరికితే రెండేళ్ల నిషేధమని భారత క్రికెట్ బోర్డు 2020లోనే చెప్పింది. రికార్డులకే కాదు, అంచనాకి కూడా ఇది ముఖ్యం. పొదలకూరు వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చేవాడు. పద్నాలుగేళ్లకే నూనూగు మీసం, గట్టి భుజాలు, ఆ వయసువాళ్లలో వాడి బంతి ముట్టుకునేవాడు లేడు. పద్దెనిమిది వచ్చేసరికి మిగతావాళ్లంతా ఎదిగారు, వీడు అక్కడే ఉన్నాడు. తప్పు వాడిది కాదు, ఎదుగుదల ముందే అయిపోయింది. అదే జట్టులో కొత్తపట్నం వైపు నుంచి వచ్చిన బెస్తవారి అబ్బాయి ఒకడు మూడో బౌలర్‌గా కూడా వేసేవాడు కాదు. కానీ వాడి మణికట్లు పొడుగు, పాదాలు పెద్దవి, వాళ్ల నాన్న ఆరడుగులు. బౌండరీ నుంచి విసిరితే బంతి నేల తాకకుండా కీపర్ చేతిలో పడేది. రెండేళ్లలో నాలుగంగుళాలు పెరిగాడు, వేగం దానంతటదే వచ్చింది. ఇప్పుడు స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం చేస్తూ ఆడుతున్నాడు. ఎత్తు లేకపోతే పనికిరాడని దీనర్థం కాదు. వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ మాల్కం మార్షల్ ఆరడుగులు కూడా లేడు.

ఈ విషయంలో బేస్‌బాల్ వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది. అక్కడి స్కౌట్లు (ప్రతిభ వెతికేవాళ్లు) పిచర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు, అదీ రెండేసి: ఇవాళ ఎంత, ఎదిగాక ఎంత కావచ్చు. మనం ఇవాళ్టి మార్కు ఒక్కటే వేసి ఊరేగిస్తాం, లేదంటే ఇంటికి పంపేస్తాం. అమెరికా వాళ్లే 2008లో మన దేశానికి వచ్చి పోటీ పెట్టి, బేస్‌బాల్ అంటే ఏంటో తెలియని రింకు సింగ్ (క్రికెటర్ రింకు కాదు), దినేశ్ పటేల్ అనే ఇద్దరు కుర్రాళ్లని ఎంచుకున్నారు. ఇద్దరూ లక్నో హాస్టల్లో జావెలిన్ విసిరేవాళ్లు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు ఇద్దరితోనూ ఒప్పందం చేసుకుంది. అంత చెయ్యి ఉండి, అంత శిక్షణ దొరికి కూడా ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగ్ దాకా వెళ్లలేకపోయారు. చెయ్యి ఉండటం మొదటి మెట్టు, అంతే.

ఇప్పుడు బుర్ర సంగతి. నేను కొత్త కుర్రాడికి ఒకే ఒక చిన్న మార్పు చెబుతాను. "రనప్ రెండడుగులు తగ్గించు" లాంటిది. పది బంతుల్లో ఎంత పట్టుకుంటాడో చూస్తాను. తర్వాతి వారం ఏమీ గుర్తు చెయ్యను. వాడంతట వాడే కొత్త గుర్తు దగ్గర నుంచి పరుగు మొదలుపెడితే సంతోషం. పాత చోటికే పోతే "ఏందిరా, మర్చిపోయావా?" అని అడుగుతాను. "లేదు సార్, అట్టా వేస్తే బంతి లెగ్ సైడ్ పోతోంది" అని కారణం చెప్పినవాడు ఇంకా మంచివాడు. తల గోక్కునేవాడితోనే కష్టం. వరసగా రెండు ఫోర్లు పోయాక వేసే మూడో బంతి కూడా చూస్తాను. చాలామంది కోపంతో షార్ట్ వేస్తారు. పదహారేళ్లకి కోపం సహజం, దాన్ని పట్టించుకోను. మళ్లీ మార్క్ దగ్గరికి నడిచి వెళ్లేటప్పుడు ఫీల్డ్ వైపు చూశాడా లేదా అన్నదే చూస్తాను.

అకాడమీ గురించి నిక్కచ్చిగా చెబుతున్నాను. ఐపీఎల్ జట్లు ట్రయల్స్‌కి పిలవడానికి పిల్లల దగ్గర డబ్బు తీసుకోవు. ఎవరైనా "ఇంత కడితే ట్రయల్స్ గ్యారంటీ" అన్నారంటే అక్కడితో ఫోన్ పెట్టెయ్యండి. అసలు దారి ఇంకోలా ఉంటుంది. జిల్లా క్రికెట్ సంఘం సెలక్షన్స్, అంతర్ జిల్లా మ్యాచులు, తర్వాత జోన్, అక్కడ వికెట్లు తీస్తే ఆంధ్ర జట్టు. మీ ప్రకాశం సెంట్రల్ జోన్‌లోకి వస్తుంది, మా నెల్లూరు సౌత్ జోన్. మీవాడికి అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీ దాటిపోయినట్టే అనుకోండి. అండర్-19 కూచ్ బెహార్ ట్రోఫీకి ఇంకా టైముంది, ఆ తర్వాత అండర్-23 సి.కె. నాయుడు ట్రోఫీ ఉంది. 2022 నుంచి ఆంధ్ర ప్రీమియర్ లీగ్ కూడా వచ్చింది. స్కౌట్ల కళ్లు పడేది ఇలాంటి చోట్లే. చెన్నైలో ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్ ఉంది, 1987లో మొదలైంది. ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెన్నిస్ లిల్లీ చాలా ఏళ్లు నడిపాడు, 2012 నుంచి అదే దేశపు గ్లెన్ మెక్‌గ్రాత్ చూసుకుంటున్నాడు. మనకి దగ్గరే. కానీ అక్కడి తలుపు తట్టాలంటే ముందు జిల్లా, రాష్ట్ర స్థాయిలో పేరుండాలి.

డబ్బు లెక్క కూడా వాళ్ల నాన్నకి చెప్పండి. 2021లో బోర్డు పెంచిన ఫీజుల ప్రకారం అండర్-19 ఆటగాడికి మ్యాచ్ రోజుకి 20 వేలు, అండర్-23కి 25 వేలు, రంజీ తుది జట్టులో కొత్తవాడికి 40 వేలు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ అది జట్టులో ఆడే కొద్దిమందికే. రాష్ట్రమంతటా ఎంతమంది బౌలర్లున్నారో ఆలోచించుకోండి. నా దగ్గరకొచ్చిన వేగం ఉన్న పిల్లల్లో ఎక్కువమంది జిల్లాతో ఆగిపోయారు. వాళ్లలో డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లు స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకి పోటీ పడగలిగారు. ఇంటర్ మానేసి వచ్చినవాళ్లకి ఆ దారి కూడా ఇరుకైపోయింది. కాలేజీ మాన్పించొద్దని అందుకే అన్నాను.

మీరు ప్రస్తుతానికి చెయ్యాల్సింది ఇది. స్పైక్స్ కొని, నెల రోజులు లెదర్ బాల్‌తో అలవాటు పడనివ్వండి, వారానికి మూడు రోజులు చాలు. మిగతా రోజుల్లో పాకల బీచ్ దగ్గరే కదా, ఇసుకలో పరుగు, గుంజీలు, పుషప్స్. జిమ్ అక్కర్లేదు. తిండిలో గుడ్లు, పప్పు, చేపలు దండిగా ఉండాలి. పొద్దున టీ, బన్నుతో నెట్స్‌కి వచ్చే పిల్లలు నాలుగో ఓవర్‌కే తేలిపోతారు. నెల తర్వాత ఒకేరోజు ఆరు ఓవర్లు, గంట విశ్రాంతి, మళ్లీ నాలుగు ఓవర్లు వేయించి వీడియో తీయండి. స్లో మోషన్‌లో పక్క నుంచి ఒకటి, ముందు నుంచి మోచెయ్యి కనబడేలా ఒకటి. కీపర్ కూడా ఫ్రేములో ఉండేలా వెనక నుంచి ఒకటి. మంచి బంతులు ఏరి కత్తిరించి పంపకండి, ఆఖరి ఓవర్ ఆరు బంతులూ ఉన్నవి ఉన్నట్టు ఇక్కడే పెట్టండి. మర్నాడు పొద్దున లేచాక నడుములో ఎడమ పక్క ఎలా ఉందో కూడా అడిగి రాయండి. ఆ రెండూ చూశాక వాడికి ఒంగోలులో నెట్స్ చాలా, ఇంకా దూరం పంపాలా అన్నది మాట్లాడదాం.